ఇనుమును వదిలేసే గుండీ

ఏప్రిల్ 8, 2025

కరీమున్ నల్లపూసల దండ కనపడటం లేదు. రంజాన్ పండగ నాడు మెడలోనే ఉంది. కొక్కెం వదులైందని తీసి పెట్టెలో పెట్టానంటోంది. పెట్టెలో లేదు. బియ్యం డబ్బాలో, పరుపు కింద, పోపుల పెట్టెలో చూశాం.

కొక్కెం బిగించమని నాతో చెప్పలేదు. చెబితే బిగించేవాణ్ణి.

ఏప్రిల్ 9

మళ్ళీ అంతా చూశాను. లేదు. జారి పడిపోయి ఉంటుంది. కొక్కెం వదులు.

ఏప్రిల్ 11

ఇవాళ మంచినీళ్ళ ప్లాంటు దగ్గర కరీమున్ అనేసింది, దండ ప్రేమమ్మ తీసిందని. క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా విన్నారట. నాకు సాయంత్రం తెలిసింది.

ప్రేమమ్మది మా ఎదురిల్లు. మిరపకాయల కోతకు ఆడవాళ్ళను తీసుకెళ్ళే ముఠాకు మేస్త్రి. కరీమున్‌కు ఓపిక ఉన్నన్నాళ్ళు ఆ ముఠాలోనే కోతకు పోయేది. ఇప్పటికీ ప్రేమమ్మ పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని మా ఇంట్లో కాసేపు కూర్చుని పోతుంది. పెట్టె ఎక్కడుందో ఆమెకు తెలుసు. తాళంచెవి ఎక్కడ పెడతామో కూడా తెలుసు.

తీస్తుంటే నువ్వు చూశావా అని కరీమున్‌ను అడిగాను. చూడలేదు గానీ మనింటికి ఇంకెవరు వస్తారు అంది.



ఏప్రిల్ 12

ప్రేమమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. "వదినా, నేను తీశానా?" అని అడిగింది. కరీమున్ తల తిప్పుకుంది. ప్రేమమ్మ నా వంక చూసింది.

"వెతుకుతున్నాం" అన్నాను.

"వెతుకుతున్నామంటే ఏందన్నా? తీశాననా, తీయలేదనా?"

నేను పెట్టె వైపు చూశాను. ఆమె చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. గేటు మూయలేదు.

ఏప్రిల్ 14

మార్టూరు వెళ్ళాను. హుస్సేన్ సాహెబ్‌ది పాత ఇనుప సామాన్ల కొట్టు. ఇద్దరం ఒకే చోట మోటారు వైండింగు నేర్చుకున్నాం. వాడు మధ్యలో మానేశాడు, నేను చేతులు వణికేదాకా చుట్టాను. ఏరా మీరావలీ, మొహం అట్లా వేలాడేశావేం అన్నాడు. చెప్పాను. దండ పోయిందన్నంత వరకే చెప్పాను.

లోపల్నుంచి ఒక కర్ర లాంటిది తెచ్చాడు. కింద పళ్ళెం, పైన చిన్న పెట్టె, పెట్టెకు రెండు గుండీలు. భూమిలో ఉన్న లోహం చెప్పే మిషనట. రాతి పాలిష్ యూనిట్ల వెనక దిబ్బల్లో ఇనుప ముక్కలు ఏరుకోవచ్చని ఆన్‌లైన్లో తెప్పించాడు.

"దిబ్బ మీద పెట్టీ పెట్టకముందే పుట్టింట్లో చావు కబురు విన్నట్టు ఏడుపు ఎత్తుకుంటుందిరా. ఓదార్చలేక మూల పడేశా. నీకు వైండింగు వచ్చుగా, నువ్వు ఓదార్చుకో."

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఏ మోటారు విప్పినా దాని సంగతి ముందు రాసుకుని గానీ చెయ్యి పెట్టను. దీని సంగతీ ఇందులో రాస్తాను.

ఏప్రిల్ 15

పెరట్లో పెట్టి చూశాను. హుస్సేన్ సాహెబ్ చెప్పింది నిజమే. ఎక్కడ పెట్టినా ఏడుపే.

కారణం తెలిసింది. మాది నల్లరేగడి. ఎండలు ముదిరితే నేల నెర్రెలు బారుతుంది, గేదె గిట్ట ఇరుక్కునేంత. అందుకని ఊళ్ళో అందరం మార్టూరు నుంచి ట్రాక్టరుతో రాతి పొడి తోలించి పెరడంతా పోసి సర్దుకుంటాం. మేమూ ఈ ఏడు పండగ ముందే పోయించాం. అయస్కాంతం ఒకటి ఆ పొడిలో ఈడ్చి చూస్తే దాని నిండా నల్లటి నూగు అంటుకుంది. రాతిని కోసేటప్పుడు ఉక్కు రవ్వ వాడతారు కదా, అదంతా పొడిలోనే ఉంది. అంటే మా పెరడు మొత్తం ఇనుమే.

పెట్టె మీద రెండో గుండీ ఇనుమును వదిలేసేది. కుడివైపుకు తిప్పేకొద్దీ ఇనుము కనపడినా పలకదు, ఇత్తడి, వెండి, బంగారం కనపడితే పలుకుతుంది. చివరిదాకా తిప్పాను. ఏడుపు తగ్గింది గానీ పోలేదు.

కరీమున్ చెవి దిద్దు ఒకటి అడిగి తీసుకుని, పొడిలో పెట్టి పరీక్ష చేశాను. ఆ గోలలో దిద్దు ఉందో లేదో తెలియలేదు. కరీమున్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. బంగారాన్ని అట్లా ఒట్టిగా పెడతారా ఎవరన్నా అని కోప్పడింది. ఎండలో నిలబడకు, లోపలికి పో అన్నాను.

ఏప్రిల్ 17

చప్పుడుకు గోడ అవతల జనం చేరుతున్నారు. తాతకు నిధి దొరికిందా అని ఒకరు, మాకూ వాటా పెట్టు అని ఒకరు. స్పీకరు తీగ కోసి, పాత రేడియోది చెవుల్లో పెట్టుకునే దానికి సాకెట్ బిగించాను. ఇప్పుడు అది ఏడ్చేది నాకొక్కడికే వినిపిస్తుంది.

బ్యాటరీ కూడా మార్చాను. చిన్నది ఊరికే చచ్చిపోతోంది. మందు కొట్టే స్ప్రేయరులోది తీసి, మధ్యలో రెగ్యులేటరు పెట్టి కలిపాను. బరువైంది. నడుముకు తువ్వాలుతో కట్టుకుంటున్నా.

ఏప్రిల్ 20

మా ఊరి రైతు రఘురామ్ గారి కల్లంలో ఈసారి ప్రేమమ్మ ముఠా లేదు. మిరపకాయలు ఎండాక తాలుకాయలు ఏరే పని ఏటా ఆమెదే. ఈ ఏడు పక్క ఊరి ముఠాను పిలిచారు. ప్రేమమ్మ వెళ్ళి అడిగితే, మా ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోవడం లేదమ్మా అన్నారట.

కల్లంలో అన్నీ బయటే ఉంటాయి. రైతు సెల్లు కాయలు ఆరబోసిన పట్ట మీద, ఇంటి తాళాలు కాటా మీద. చీకటి పడితే మేస్త్రిని నమ్మి వదిలేసి పోతారు. పేరు పోయిన మేస్త్రిని ఎవరూ పిలవరు. ప్రేమమ్మ ముఠాలో ఆడవాళ్ళు కొందరు అప్పుడే పక్క ఊరి ముఠాలో చేరిపోయారు. వాళ్ళ పొట్ట వాళ్ళది.

దండ దొరికితే అన్నీ సర్దుకుంటాయి. మిషనే సరిగా లేదు.

ఏప్రిల్ 22

కాయిల్ విప్పాను. కంపెనీవాడు చుట్టింది బాగాలేదు. లూజు.

ఏప్రిల్ 23

చీరాల నుంచి మా అమ్మాయి సిద్దికా ఫోన్ చేసింది. అమ్మతో మాట్లాడిందట, అమ్మ తనను పిన్ని పేరు పెట్టి పిలిచిందట. ఒకసారి కాదు, ఫోన్ పెట్టేదాకా అదే పేరట. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది.

లైను సరిగా లేదేమో, గొంతు మారి వినిపిస్తుంది ఒక్కోసారి అన్నాను.

"లైను బాగానే ఉంది నాన్నా" అంది.

మగ్గాల చప్పుడులో నీకే సరిగా వినపడి ఉండదు అన్నాను.

ఏప్రిల్ 26

కొత్త కాయిల్ చుడుతున్నా. ఒకటి కాదు, రెండు. రెండూ అర్ధచంద్రాల్లాగా ఉంటాయి. ఒకటి పంపేది, రెండోది వినేది. గుండ్రటి దానికంటే ఇది సన్నటి వస్తువును బాగా పడుతుందని మార్టూరులో సెల్లుల షాపతను తన ఫోనులో చూపించాడు. బొమ్మ కాగితం మీద గీసుకుని వచ్చాను. ఎనామిల్ తీగ నా దగ్గర ఉన్నదే. ప్లాస్టిక్ పళ్ళెం కోసి అచ్చు చేశాను.

నా షాపు ఉన్న రోజుల్లో నేను చుడుతుంటే కరీమున్ పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. పైకి చదివినట్టు లెక్కపెట్టేది. నేను తీగ మీదే దృష్టి పెట్టేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పు రాలేదు. అందుకని ఇవాళ కూడా పిలిచాను. సంతోషంగా వచ్చి కూర్చుంది.

నలభై దాకా బాగానే లెక్కపెట్టింది. తర్వాత ఇరవై ఒకటి అంది. ఇరవై రెండు అంది. నేను ఆగాను. ఏమైంది, చుట్టు అంది. చుట్టాను. మళ్ళీ నలభై దాకా వచ్చి మళ్ళీ ఇరవై ఒకటి.

ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది. ఆ చప్పుడులో ఎవరికైనా లెక్క తప్పుతుంది.

చుట్టింది విప్పి, ఆమె లోపలికి వెళ్ళాక మళ్ళీ చుట్టాను.

ఏప్రిల్ 27

ఫ్యానుకు గ్రీజు పెట్టాను.

ఏప్రిల్ 30

రెండు కాయిళ్ళూ వార్నిష్‌లో ముంచి ఎండబెట్టాను. వాటి చుట్టూ రేకు కాగితం చుట్టాలి, తడి నేల తగిలితే పిచ్చి కూతలు కూయకుండా. రేకు కాగితం పూర్తిగా మూయకూడదు, ఓ వేలెడు ఖాళీ వదలాలి. మొదట తెలియక మూసేశాను. అసలే పలకలేదు. విప్పి మళ్ళీ చుట్టాను.

తర్వాత ఒకదాని అంచు మీదికి ఇంకోదాని అంచు జరుపుతూ పోవాలి. ఒకచోటుకు వచ్చేసరికి చెవుల్లో గోల ఆగిపోతుంది. వెంట్రుకవాసి ఇటు జరిగినా మొదలే. ఆ చోటు కోసం పొద్దుటి నుంచి కూర్చున్నా. మధ్యాహ్నం దొరికింది. ఊపిరి బిగబట్టి, పైపులకు పెట్టే సీలింగు ముద్దతో అతికించాను.

అన్నం తిన్నావా అని కరీమున్ అడిగింది. తినలేదన్నాను. నేను పెట్టానుగా అంది. అయితే తిన్నానేమో అన్నాను. వంటింట్లోకి వెళ్ళి చూశాను. పొయ్యి వెలిగించినట్టు లేదు. పెరుగు అన్నం కలిపి ఇద్దరికీ తెచ్చాను.

ఎండలు అట్లా ఉన్నాయి. ఎవరి బుర్రయినా అంతే.

మే 2

గుండీ వెనక ఉన్న చిన్న రెసిస్టెన్సు తీసేసి వేరేది టంకం పెట్టాను. ఇప్పుడు గుండీ ఇంకా చాలా దూరం తిరిగినట్టు. ఉక్కు రవ్వ ఎంత ఉన్నా ఒక్క ముక్క పలకడం లేదు. ఇనుమును పూర్తిగా వదిలేస్తోంది. దిద్దు పొడిలో జానెడు లోతున పెట్టాను. సన్నగా, స్పష్టంగా పలికింది. నాలుగు చోట్ల మార్చి పెట్టాను. నాలుగు చోట్లా పలికింది.

హుస్సేన్ సాహెబ్‌కు ఫోన్ చేసి చెప్పాను. నువ్వు చచ్చిన మోటారుకు ప్రాణం పోసేవాడివి, ఏడ్చేదాన్ని నవ్వించలేవా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

మే 3

పెరడంతా వెతికాను. ఇప్పుడు ఖాళీగా ఉన్న గేదెల పాక దగ్గర నుంచి బట్టలు ఉతికే రాయి దాకా, పళ్ళెం పట్టే వెడల్పున ఒక్కో వరసా. చెట్ల మొదళ్ళు, గోడ వార, గేటు బయట కూడా. సీసా మూతలు దొరికాయి, గాజు ముక్కకు అంటిన రేకు దొరికింది, సిద్దికా చిన్నప్పటి వెండి మువ్వ ఒకటి దొరికింది. దండ లేదు.

ఇంట్లో లేదు. పెరట్లో లేదు. మిషన్ బాగానే పనిచేస్తోంది.

అయితే

మే 4

రాత్రి బాగా నిద్ర పట్టింది. ఎందుకో రాయను.

మే 5

టీ కొట్టు దగ్గర రఘురామ్ గారు కనిపించారు. దొరికిందా అని అడిగారు. పెరట్లో లేదండి, మిషన్ పెట్టి చూశాను అన్నాను.

ఆయన తల ఊపారు. పక్కనున్న వాళ్ళు కూడా ఊపారు. నేను పెరట్లో లేదన్నాను, అంతే. ప్రేమమ్మ పేరు ఎత్తలేదు. లేనిది లేదని చెప్పడంలో తప్పేముంది.

టీ సగంలో వదిలేసి వచ్చాను.

మే 8

ప్రేమమ్మ ఊరు వదిలి పోతోందట. పెదకాకానిలో చెల్లెలు ఉంది, ఆమె దగ్గర ఉండి గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పనికి పోతుందట. ఈ వయసులో మిరపకాయల బస్తాలు, ఆ టిక్కీలు, మోసే చోట ఏం చేస్తుంది. ఇంటికి తాళం వేసి, గేదెను అమ్మేసి, ఆదివారం ప్రార్థన అయ్యాక బయల్దేరుతుందని పాలు పోసే ఆమె చెప్పింది.

కరీమున్ విని, ప్రేమమ్మ ఎక్కడికి పోతోంది, నాతో చెప్పలేదే అంది. సాయంత్రం వస్తుందిగా అడుగుతాలే అంది. ప్రేమమ్మ మా ఇంటికి రావడం మానేసిన సంగతి, ఎందుకు మానేసిందో ఆ సంగతి, రెండూ

ఎండలు.

మే 9

ఇవాళ కరీమున్ తలంటుకుంది. స్నానాల గది కిటికీ మీద దిద్దులు తీసి పెట్టింది. నేను నీళ్ళ బకెట్ పెట్టడానికి వెళ్ళి చూశాను. దిద్దుల పక్కన నా పనిముట్ల డబ్బాలోది ఒక బోల్టు ఉంది.

ఇదెందుకు ఇక్కడ అన్నాను. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"బంగారం ఒంటి మీద నుంచి దిగితే పక్కన ఇనుము పెట్టకుండా ఉంటారా? గాలి సోకదూ?"

వాళ్ళమ్మ అట్లా చేసేది. ఈమె పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ చేస్తోంది. దిండు కింద దండ పెట్టి పడుకుంటే పక్కన తాళంచెవి ఉండేది. సిద్దికా పుట్టినప్పుడు కడియాల పక్కన అట్లకాడ పెట్టింది. ఇన్నేళ్ళు కళ్ళ ముందు ఉన్నది కదా, చూడటం మానేశాను.

దండ ఉండే పెట్టె తెరిచాను. ఆ పెట్టెలో ఎప్పుడూ ఒక పెద్ద మేకు ఉంటుంది, దండకు తోడుగా. మూల మూలలా చూశాను. మేకు లేదు.

దండ తీసేవాళ్ళు మేకు తీసుకుపోరు.

దిద్దు, బోల్టు కలిపి గుడ్డలో చుట్టి రాతి పొడిలో పెట్టాను. మిషన్ దాని మీద ఎన్నిసార్లు తిప్పినా పలకలేదు. ఇనుము కనపడితే చెప్పొద్దని నేనే నేర్పాను. దానితో ఉన్న బంగారాన్ని కూడా దాటి పోతోంది.

రేపు చూస్తాను.

మే 10

చూడలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

మధ్యాహ్నం ప్రేమమ్మ గేదెను తోలుకుపోవడానికి మనుషులొచ్చారు. అది ఎదురింటి గేటు దాటనని మొండికేసింది. ప్రేమమ్మే ముందు నడిచింది. అప్పుడు కదిలింది.

దొరక్కపోతే దొంగ ప్రేమమ్మ. దొరికితే కరీమున్‌కు

టంకం కాచే కడ్డీ కనపడలేదు. డబ్బాలోనే ఉంది. తర్వాత కనపడింది.

మే 11, ఆదివారం

తెల్లవారాక పాత రెసిస్టెన్సు మళ్ళీ టంకం పెట్టాను. ఇనుమును వదిలేసే గుండీ పూర్తిగా వెనక్కి తిప్పేశాను. ఒక్కసారిగా పెరడంతా ఏడ్చింది. ఇప్పుడు మొదటి గుండీ పట్టుకున్నాను, బలం తగ్గించేది. తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే రవ్వ గొణుగుడు అయింది. మేకు అంత ఇనుము ఉంటే మాత్రం గొణగదు, అరుస్తుంది. ఇన్నాళ్ళూ బంగారం కోసం వెతికాను. ఇవాళ మేకు కోసం వెతికాను.

బట్టలు ఉతికే రాయి వెనక, గోరింటాకు చెట్టు మొదట్లో అరిచింది. అక్కడ పొడి మెత్తగా ఉంది, వేళ్ళతోనే తీశాను. పాత చీర ముక్క. కరీమున్ ముడి నాకు తెలుసు, రెండు మడతలు వేసి కొస లోపలికి తోస్తుంది. విప్పితే దండ, మేకు.

ఏం దొరికింది అని గుమ్మంలోంచి అడిగింది.

"మేకు" అన్నాను. దండ జేబులో వేసుకున్నాను.

అక్కడే రాయి మీద కూర్చున్నాను. కొక్కెం బిగించడానికి నేనే తీశానని, జేబులో పెట్టుకుని మరిచిపోయానని చెబుదామనుకున్నాను. ముసలాడు మరిచిపోయాడంటే నవ్వి ఊరుకుంటారు. ప్రేమమ్మ పేరు నిలబడుతుంది, కరీమున్ సంగతి ఎవరికీ తెలియదు. ఇది బాగుందనిపించింది.

ఎదురింటికి వెళ్ళాను. ప్రేమమ్మ ప్రార్థన నుంచి వచ్చి గిన్నెలు గోనెలో కడుతోంది. దండ చూపించి, అనుకున్నట్టే చెప్పాను. ఆమె కట్టడం ఆపలేదు.

"నీ జేబులో ఉంటే మిషన్ తెచ్చి నెల రోజులు పెరడు దున్నావా అన్నా? ఎవరికి చెబుతావు ఈ మాట? ముసలోళ్ళిద్దరూ నన్ను కాపాడటానికి కథ అల్లారంటారు. అప్పుడు దొంగతనం రూఢి."

అది నిజమే. నాకు తట్టలేదు.

"నా పేరు చెప్పింది వదిన. కాదని ఆమె నోటితోనే రావాలి. వచ్చి చెప్పమను."

అది ఆమె వల్ల కాదు అన్నాను. ఎందుకు చెప్పదు అంది. ఆ గిన్నెల మధ్య నిలబడి అన్నాను.

"దానికి గుర్తుండటం లేదు ప్రేమమ్మా."

ఈ మాట పైకి అనడం ఇదే మొదలు.

ప్రేమమ్మ గోనె మీద కూర్చుంది. తనకు అనుమానంగానే ఉందంది. కిందటి కోతలప్పుడు ముఠాను చూడటానికి చేను దగ్గరికి వచ్చిన వదిన, తనింటికి దారి అడిగిందట. ఎగతాళికి అడిగిందేమో అనుకుందట. తర్వాత నీళ్ళ ప్లాంటు దగ్గర ఆ మాట అన్నాక కోపంలో ఇదంతా మరిచిపోయిందట. కళ్ళు తుడుచుకుంది గానీ గొంతు మాత్రం తగ్గించలేదు.

"అయితే అదే చెప్పు. నాకు కాదు. రఘురామ్ గారి కల్లంలో ముఠా అంతా ఉంది ఇవాళ. అక్కడ చెప్పు."

నేను నలుగురిలో మాట్లాడేవాణ్ణి కాదని ఆమెకు తెలుసు. తెలిసే అంది.

మే 11, రెండోసారి రాస్తున్నా

వెళ్ళాను. ప్రేమమ్మ నా వెనకే వచ్చి పట్టకు దూరంగా నిలబడింది. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలు ఏరుతున్నారు. రఘురామ్ గారు కాటా దగ్గర ఉన్నారు. ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కూడా కాసేపు దగ్గాను.

దండ జేబులోంచి తీసి పట్టుకున్నాను. మా పెరట్లో దొరికింది అన్నాను. ప్రేమమ్మ తీయలేదు అన్నాను. పెరట్లో లేదన్నావుగా అన్నారు రఘురామ్ గారు. మిషన్ నేను తప్పుగా మార్చానండి, అందుకని అప్పుడు దొరకలేదు అన్నాను. పెరట్లోకి ఎట్లా వచ్చింది తాతా అని ఒక అమ్మాయి అడిగింది.

"కరీమునే దాచింది. దాచినట్టు గుర్తులేదు. చాలా మరిచిపోతోంది. నాకు తెలిసీ చెప్పలేదు."

అందరూ నా వెనక్కి చూస్తున్నారు. తిరిగాను. కరీమున్ నిలబడి ఉంది. నేను ఇంట్లో లేనని వెతుక్కుంటూ వచ్చినట్టుంది, నా చెప్పులు వేసుకుని వచ్చింది.

"ఎవరు మరిచిపోతోంది?" అంది.

ఎండుకాయలు గలగలమనడం ఆగిపోయింది. ఆమె నా కళ్ళలోకే చూస్తోంది. ఇంకెవరి పేరైనా చెబుతాననుకుందేమో.

"నువ్వే" అన్నాను.

కరీమున్ ఏడవలేదు. కోప్పడలేదు. చుట్టూ చూసి, ప్రేమమ్మను చూసి, ఎండలో నిలబడ్డావేందే అంది. ప్రేమమ్మ వచ్చి పట్ట మీద కాయలు ఒక పక్కకు తోసి చోటు చేసింది. ఇద్దరూ కూర్చున్నారు. ప్రేమమ్మ చేతికందిన కాయల్లో తాలు ఏరడం మొదలెట్టింది.

రఘురామ్ గారు కాసేపు కాటా సరిచేసుకున్నారు. తర్వాత ప్రేమమ్మ దగ్గరికి వెళ్ళి, రేపటి నుంచి రెండో కల్లం నువ్వే చూసుకోమ్మా అన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించి చెబుతానంది. ఆయన అక్కడే నిలబడ్డారు. ఆమె ఏరుతూనే ఉంది.

మే 12

ప్రేమమ్మ ఇంటికి తాళం వేయలేదు. గేదె మాత్రం పోయింది, దాన్ని ఎట్లా తిరిగి తేవాలో చూడాలి.

సిద్దికాకు ఫోన్ చేశాను. ఈసారి లైను సంగతి ఎత్తకుండా అన్నీ చెప్పాను. అది ఏడ్చి, రేపే గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్దాం, నేను చీరాలలో రైలెక్కి అటే వస్తాను అంది. ప్రేమమ్మ కూడా వస్తానంది. వదినతో నేనింకా మాట్లాడటం లేదు, పక్కన కూర్చుంటా అంతే అంది. ఆస్పత్రిలో ఆడవాళ్ళ దగ్గర నువ్వొక్కడివీ ఏం చేస్తావు అని నన్ను తిట్టింది.

ఇవాళ పొద్దున కరీమున్ మంచం మీద కూర్చుని ఉంటే నేను దండ కొక్కెం బిగించి మెడలో వేశాను. అప్పుడు అడిగింది, నీకు ఎప్పట్నుంచి తెలుసు అని.

చుట్లు లెక్కపెట్టిన రోజు నుంచి అన్నాను. కాసేపటికి, కాదు, అంతకు ముందు నుంచే అన్నాను.

"నాకు నిరుటి నుంచి తెలుసు" అంది. "ఎక్కడ పెట్టింది అక్కడ ఉండటం లేదు. దండ కూడా ఎక్కడో పారేసుకుంటానని భయమేసి ఉంటుంది. దాచి ఉంటాను. నీకు తెలిస్తే దిగులు పెట్టుకుంటావని చెప్పలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇట్లా పట్టుకోవడం మాకు అలవాటు లేదు.

"నువ్వన్నా చెప్పకపోయావా మనిషీ" అంది. "ఇంట్లో ఇద్దరం ఉండి, నేనొక్కదాన్నే భయపడుతూ కూర్చున్నా."

నేనూ ఒక్కణ్ణే అన్నాను.